మబ్బు కమ్మకముందే



ప్లైవుడ్ చెక్కలు, పాత కుర్చీ, కంప్యూటర్ తెరతో ఇంట్లోనే విమానపు కాక్‌పిట్ కట్టుకునేవారున్నారు. ఎగరనిదానికి ఇంత ప్రయాస వ్యర్థమని కొందరంటారు. నేనలా అనను.

అమెరికాలో ఎడ్విన్ లింక్ తన తండ్రి ఆర్గన్ల ఫ్యాక్టరీలో, ఆర్గన్‌కు గాలి ఊదే తిత్తులతోనే అలాంటి యంత్రం చేశాడు. 1929 నాటికి అది సిద్ధం. మొదట్లో దాన్ని ఆటవస్తువుగానే చూశారు. 1934లో తపాలా మోస్తున్న సైనిక పైలట్లు చెడు వాతావరణంలో కూలి చనిపోయాక సైన్యం ఆరు యంత్రాలు కొన్నది.

ఎందుకంటే మబ్బులో శరీరం అబద్ధం చెబుతుంది. విమానం ఒక పక్కకు ఒరిగి తిరుగుతున్నా తిన్నగా పోతున్నట్టే తోస్తుంది. అప్పుడు తన భావాన్ని కాక ఎదుటి పరికరాన్ని నమ్మాలి. ఆ నమ్మకం నేలమీద సాధన చేసినవానికే అలవడుతుంది.

మన భక్తీ అంతే. శ్రమదినాన మనసు, "దేవుడు నన్ను విడిచిపెట్టాడు" అంటుంది. వాక్యం అలా అనదు. దేనిని నమ్ముతాం? ఆసుపత్రి మంచం మీద మొదటిసారి బైబిలు తెరిచినవారినీ ప్రభువు త్రోసివేయడు. కానీ పంట ఇంటికొచ్చిన రోజుల్లో చదివిన వాక్యమే ఆ రాత్రి అడగకుండానే గుర్తుకొస్తుంది.

ఆకాశం తేటగా ఉన్న ఈ రాత్రే కుటుంబ ప్రార్థనకు కూర్చోండి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.