రొంటిన లేని తాళపుచెవులు

పూర్వపు లోగిళ్లలో ఇంటి పెద్దావిడ రొంటిన తాళపుచెవుల గుత్తి ఒకటి ఉండేది. కాలు కదపలేని వయస్సు వచ్చినా ఆమె మంచం మీదనే కూర్చుండి గుత్తి తీసి ఇచ్చి, పని కాగానే మరల పుచ్చుకొని దోపుకొనేది. భోషాణంలో ఎంత ఉన్నదన్నది ప్రధానం కాదు. అది ఆమె ఎదుట తెరుచుకొని, ఆమె ఎదుటనే మూతపడేది. నేడు ఆ గుత్తికి బదులు నాలుగో ఆరో అంకెల రహస్య సంఖ్య వచ్చినది. చూపు మందగించి వ్రేళ్లు వణికే వయస్సులో దానిని ఎవరికో ఒకరికి చెప్పక తప్పదు. ఒకసారి చెప్పిన తరువాత మరల పుచ్చుకొనుటకు అది ఇనుప తాళపుచెవి కాదు.

పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటారు. గుంటూరులో, తెనాలిలో, వరంగల్లులో తల్లి మిగిలి ఉంటుంది. ఆమెకు స్నానం చేయించుటకు, వేళకు మందులిచ్చుటకు ఒక ఆయాను కుదురుస్తారు. జీతమెంత, సెలవులెన్ని, రాత్రి ఉంటుందా అన్న ప్రశ్నలన్నీ వేస్తారు. ఇంటి ఖర్చుకు డబ్బు ఎవరు తీస్తారు, ఎవరు లెక్క చూస్తారు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. పెద్దల సొమ్ముకు గండి పడేది సాధారణంగా ఈ అడగని ప్రశ్న వద్దనే.

అన్నం పెట్టే చేతికి ‘కాదు’ అని చెప్పుట కష్టం. ఈ మానవ సత్యాన్ని మన న్యాయశాస్త్రం చాల కాలం క్రిందటనే గ్రహించినది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షను, వయస్సు చేతనో వ్యాధి చేతనో మనస్సు దుర్బలమైన వారితో చేసుకొన్న ఒప్పందంలో అనుచిత ప్రభావానికి తావున్నదని స్పష్టంగా పేర్కొన్నది. ఆ ప్రభావం ఆయాదే కానక్కరలేదు. కుమారునిది కావచ్చు, అల్లునిది కావచ్చు, నిత్యం వచ్చిపోయే దూరపు బంధువుది కావచ్చు. గాజు కనబడకపోతే అనుమానం ముందుగా ఆయా మీదికే పోతుంది. ఇల్లు వ్రాయించుకొన్న కొడుకును మాత్రం ఎవరూ దొంగ అనరు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చినది. పోషిస్తానన్న షరతు మీద ఆస్తి పుచ్చుకొని పిదప పోషించనివారి దస్తావేజును రద్దు చేయించుకొనే హక్కును దాని 23వ సెక్షను వృద్ధులకు ఇచ్చినది. అయితే ఇక్కడ కీలకమైన మాట ‘షరతు’. కుమార్తెలకు తన హక్కు వదులుకొన్న ఒక తల్లి వ్యాజ్యంలో, అట్టి షరతు ఉన్నదని చూపనందున ఈ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో తీర్పు చెప్పినది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కు చెందిన మరొక తల్లికి మాత్రం ఆస్తి మరల దక్కినది. కుమారునికి దానపత్రం వ్రాసి ఇచ్చినప్పుడు, చివరివరకు చూచుకొంటానని, చూడకపోతే ఆస్తి వాపసు తీసుకోవచ్చునని అతడు వేరొక కాగితం వ్రాసి ఇచ్చి ఉన్నాడు. ఇది వృద్ధుల మేలు కోరి చేసిన చట్టం గనుక ఉదారంగా అన్వయించవలెనని న్యాయస్థానం ఆ తీర్పులో అన్నది. ఇద్దరూ తల్లులే, ఒకరి వ్యాజ్యంలో కాగితం ఉన్నది, మరొకరి వ్యాజ్యంలో లేదు. ప్రేమతో వ్రాసి ఇచ్చేటప్పుడు షరతు పెట్టుట అమర్యాదగా తోచవచ్చును. కాని ఆ మర్యాద ఖరీదు ఒక్కొక్కప్పుడు ఇల్లంత ఉంటుంది. ఆ మాటకు వస్తే, బ్రతికి ఉండగా దానదఖలు వ్రాయవలసిన తొందర ఏమున్నది? వీలునామాను ఎన్నిసార్లయినా మార్చి వ్రాయవచ్చును.

జి.పి.ఏ. మీద జనానికి గల నమ్మకం కూడ పరీక్షించి చూడదగినదే. ‘రేపు అమ్మకు మతి తప్పితే’ అని ముందుచూపుతో కుమారులు దానిని వ్రాయించుకొంటారు. కాని అదే కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, వ్రాసి ఇచ్చిన వ్యక్తికి మతి తప్పిన క్షణాన ఆ అధికారం ముగుస్తుంది. అవసరం లేనంత కాలం పనిచేసి, అవసరమైననాడు చెల్లని కాగితమిది.

ఇక ఇంటి ఖర్చు సంగతి. పింఛను, డిపాజిట్లు ఉన్న ఖాతాకు కార్డు గాని, ఫోనులో చెల్లింపు సదుపాయం గాని ఉండవలసిన అవసరం లేదు. నెల ఖర్చుకు సరిపడే సొమ్ము మాత్రం వేరొక చిన్న ఖాతాలో వేసి, ఆయా ద్వారా జరిగే చెల్లింపులన్నీ దాని నుండియే జరిపితే, నష్టం వచ్చినా అది ఆ నెలతో ఆగుతుంది. రహస్య సంఖ్యను ఖాతాదారే మరొకరికి చెప్పినందువలన సొమ్ము పోతే, బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం ఖాతాదారుదేనని రిజర్వు బ్యాంకు 2017లో స్పష్టం చేసినది. ఖర్చు చూచే కుమార్తె, లెక్క చూచే కుమారుడు వేరుగా ఉండుట మంచిది. పాలు, మందులు, కూరగాయలు ఏ రోజుకారోజు చిట్టాలో వ్రాయించి, సాయంకాలం ఆ పెద్దావిడకు చదివి వినిపించవలెను. ఇది ఆయాను అవమానించుట కాదు. మతిమరుపు గల ఇంట్లో ఆమె నిజాయితీకి ఆ చిట్టాయే సాక్షి.

పిల్లలలో మరొక ధోరణి ఉన్నది. మోసపోతుందన్న భయంతో పాసుపుస్తకం, ఫోను, బీరువా తాళాలు అన్నీ ఒక్కసారిగా పట్టుకొనిపోతారు. ఆపైన మనుమరాలి చేతిలో వంద రూపాయలు పెట్టుటకు కూడ ఆమె కొడుకును అడుగవలసి వస్తుంది. దొంగ దోచినా, కొడుకు దాచినా ఆమె రొంటిన మిగిలేది ఒక్కటే.

వ్రేలిముద్ర వేయగలిగిన మనిషికి ఇంత పరాధీనత అక్కరలేదు. సంతకం చేయలేని వృద్ధులు వేలిముద్రతో, అదీ కుదరకపోతే కాలి వ్రేలి ముద్రతో సొమ్ము తీసుకోవచ్చునని రిజర్వు బ్యాంకు నియమం. ఇద్దరు సాక్షులుండవలెను, వారిలో ఒకరు బ్యాంకు అధికారి కావలెను. డెబ్బై ఏండ్లు దాటినవారికి ఇంటి వద్దనే బ్యాంకు సేవలు అందించవలెనని 2017లో బ్యాంకులకు ఆదేశాలు వెళ్లినవి. ఆ సేవ కావలెనని బ్యాంకుకు వ్రాసే ఉత్తరం, ఆయాను కుదిర్చిన వారంలోనే, ఆమె పేర వ్రాసి ఆమె చేతనే ముద్ర వేయించవచ్చును.