మామిడి డ్రమ్ము వెనక నల్లకోటు

"అక్కా, మా పాప లా చదువుతానని మొండికేసింది. నువ్వయినా ఒక మాట చెప్పు!" అంటూ మొన్న పొద్దున్నే పక్కింటామె వచ్చి కూచుంది. పాప ఇంటర్ అయిపోయింది. ఇంజనీరింగ్ సీటు కోసమని వాళ్లాయన అప్పటికే డబ్బు సర్దిపెట్టుకున్నాడు. "లా అంటే కోర్టు మెట్లు, సాక్షులు, ఆస్తి తగాదాలు... ఆడపిల్లకు అవన్నీ ఎందుకక్కా? పైగా అదేదో ఇంటర్నేషనల్ ట్రేడ్ లా అంట. తిరుపతిలో ఉండేవాళ్లకు పైదేశాల వ్యాపారంతో పనేముంది?"

నాకు నవ్వొచ్చింది. ఆ పని ఒకసారి మా చిన్నమ్మ గాజులదాకా వచ్చింది మరి!

మా చిన్నాన్నకు దామలచెరువు పక్కన నాలుగెకరాల తోతాపురి తోట ఉంది. జూన్ వస్తే ట్రాక్టరు నిండా కాయ వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర రాత్రంతా కాపలా పడుకోవడం ఆయనకు మామూలే. కొన్నేళ్ల కిందట ఒక సీజన్లో కాయంతా తోలేశాడు. తూకం చీటీలు చేతికొచ్చాయి, డబ్బు మాత్రం రాలేదు. శ్రావణం పోయింది, దసరా పోయింది. "పైదేశం నుంచి రావాల్సింది ఇంకా రాలా" అన్నది ఒక్కటే జవాబు. దీపావళికి ముందు చిన్నమ్మ గాజులు కుదువకు పోయాయి. తర్వాత తెలిసిందేమంటే, సరుకులో ఏ లోపమూ లేదు. తప్పంతా కాగితంలో ఉంది. బిల్లులో సరుకు పేరు ఒక విధంగా, బ్యాంకు పూచీపత్రంలో ఇంకో విధంగా ఉందట! బ్యాంకు కాగితాలు తిప్పి పంపేసింది.

ఇదేం న్యాయం అనిపిస్తుంది కదూ? నాకూ అనిపించింది. కొనేవాడు ఎక్కడో యూరప్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటాడు, అమ్మేవాడు చిత్తూరులో. ఒకరి మొహం ఒకరు చూసుండరు. ముందు డబ్బు పంపాలంటే వాడికి భయం, ముందు సరుకు పంపాలంటే వీడికి భయం. అందుకని మధ్యలో బ్యాంకు 'లెటర్ ఆఫ్ క్రెడిట్' రాసిస్తుంది. ఫలానా కాగితాలు ఫలానా గడువులోగా తెచ్చిస్తే డబ్బుకు నాది పూచీ అని దానర్థం. 2007 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 అనే నియమాల ప్రకారం బ్యాంకు చూసేది కాగితాలనే గానీ సరుకును కాదు. గుజ్జు తీపో పులుపో దానికి పట్టదు. వేరే గడువు రాసుకోకపోతే, సరుకు ఓడకెక్కిన 21 రోజుల్లోగా కాగితాలు అందాలి. అందాక ఐదు పనిదినాల్లో బ్యాంకు అవునో కాదో తేల్చేయాలి. 215 కిలోల గుజ్జు పట్టే ఇనుప డ్రమ్ములు వరసగా నింపి పంపినా, ఒక్క మాట తేడా వస్తే అంతే సంగతులు!

ఆ మాటను సరుకు కదలకముందే పట్టుకోవడం ట్రేడ్ లాయరు పనుల్లో ఒకటి. ఇంకోటి, తగువొస్తే ఎక్కడ తేల్చుకోవాలో ఒప్పందంలోనే రాయించడం. చాలామంది ఆ వాక్యం చదవకుండానే సంతకం పెట్టేస్తారు. తర్వాత లండన్‌లోనో సింగపూర్‌లోనో మధ్యవర్తుల ముందు నిలబడాల్సి వస్తుంది. అక్కడి తీర్పు మన మీద చెల్లదులే అనుకోకండి. 1958 నాటి న్యూయార్క్ ఒప్పందంలో మన దేశం 1960లోనే చేరింది.

దేశాల మధ్య తగువులు ఇంకో మెట్టు పైన. పండు ఈగ కనిపించిందని 2014 మే నుంచి యూరప్ దేశాలు మన మామిడిపండ్లను ఆపేసి, 2015 జనవరిలో గానీ మళ్లీ తలుపు తీయలేదు. ఇటువంటి కట్టుబాట్లు ఎంతవరకు సబబో చెప్పే నియమాలు 1995లో పుట్టిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాల్లో ఉన్నాయి. వాటిని చదివి ప్రభుత్వానికి సలహా చెప్పే లాయర్లు ఢిల్లీలో ఉన్నారు. అందులో ఆడవాళ్లూ ఉన్నారు.

"చదువు మాటేంటక్కా?" అంది పక్కింటామె, కాస్త మెత్తబడి. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు. క్లాట్ రాస్తే హైదరాబాద్ నల్సార్, విశాఖ దగ్గర దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. లాసెట్ రాస్తే మన రాష్ట్రంలోని లా కాలేజీలు ఉన్నాయి. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ లా విభాగం ఉంది. అయితే ఒక్కటి దాచకుండా చెప్పాను. ఈ రకం పని ఎక్కువగా ఢిల్లీ, ముంబయి ఆఫీసుల్లోనే దొరుకుతుంది. మొదటి నాలుగైదేళ్లు చాకిరీ ఎక్కువ. ఐదేళ్ల చదువు కాగానే ఇంటి దగ్గరే కుదురుకోవాలంటే ఈ దారి కాదు.

అప్పుడు పాపే లోపలికొచ్చింది. "అత్తా, నాకు కంప్యూటర్ కూడా ఇష్టమే. లాలో అదీ ఉంది కదా!" అంది. నిజమే. ఇప్పుడు వంద పేజీల ఒప్పందాన్ని యంత్రమే చదివి ఎక్కడ తేడా ఉందో చూపిస్తోంది. బిల్లునూ బ్యాంకు పత్రాన్నీ పక్కపక్కన పెట్టి మాటకు మాట సరిచూస్తోంది. బ్రిటన్ 2023లో చట్టం చేసి, ఓడ సరుకు రసీదులాంటివి కంప్యూటర్లో ఉన్నా కాగితంతో సమానమే అంది. మనమూ 1856 నాటి ఓడ సరుకు రసీదుల చట్టాన్ని 2025లో మార్చి రాసుకున్నాం.

"ఇంక లాయరెందుకు, యంత్రమే చేస్తుందిగా?" అని వాళ్లమ్మ వెంటనే పట్టుకుంది! అదే 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఒక కేసులో చాట్‌జీపీటీని నమ్ముకుని పాత తీర్పులు ఉదహరించారు. జడ్జిగారు వెతికిస్తే ఆ తీర్పులే లేవు! యంత్రం సొంతంగా అల్లేసింది. 5,000 డాలర్ల జరిమానా పడింది. మరపట్టిన బియ్యమే కదా అని రాళ్లు చూడకుండా ఎసట్లో పోస్తామా?

పక్కింటామె ఏమీ అనలేదు. కాఫీ తాగి, "వాళ్లనాయనతో నువ్వే మాట్లాడక్కా" అని లేచింది. పాప మాత్రం గుమ్మం దగ్గర ఆగింది. మా చిన్నాన్న దగ్గర ఆ ఏటి తూకం చీటీలు ఇంకా ఉన్నాయా, ఒకసారి చూడొచ్చా అని అడిగింది. ఉన్నాయి. గాజులు విడిపించాక కూడా చిన్నమ్మ వాటిని పారేయలేదు.