పాత యంత్రము, క్రొత్త వ్యవస్థ

2025 అక్టోబరు 14వ తేదీన విండోస్ 10కి మైక్రోసాఫ్టు సాధారణ భద్రతా సవరణలను నిలిపివేయుటతో, కొండవీటి దుర్గపాదమున నున్న పల్లెలలోను, చిలకలూరిపేట, నరసరావుపేట పట్టణములలోను, చక్కగా పనిచేయుచున్న కంప్యూటర్లు పెక్కులు క్రొత్త వ్యవస్థకు అనర్హములై మిగిలినవి. విండోస్ 11 కోరునది టీపీయం 2.0 అను భద్రతాసాధనమును, ఇంటెల్ వర్గమున ఇంచుమించు ఎనిమిదవ తరము మొదలైన ప్రాసెసరును. 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ అను తక్కిన నియమములు పాతవానికిని దుర్భరములు కావు.

రిజిస్ట్రీలో స్వల్పమైన మార్పు చేసియో, పెన్‌డ్రైవును సిద్ధపరచునపుడే ఈ అర్హతల తనిఖీని తొలగించియో క్రొత్త వ్యవస్థను ఎక్కించు మార్గము కలదు. అయితే అట్టి యంత్రములకు మున్ముందు సవరణలు అందునను హామీ లేదని మైక్రోసాఫ్టు సంస్థయే చెప్పుచున్నది; 2024లో వెలువడిన విండోస్ 11 యొక్క 24హెచ్2 రూపము మిక్కిలి పాత ప్రాసెసర్లపై అసలు ప్రారంభమే కాదు.

విద్యార్థి తన ఫైళ్లను వేరొకచోట భద్రపరచుకొని ఈ ప్రయోగమునకు పూనుకొనినచో మేము వలదనము. అది కూడ ఒక విద్యయే. కాని పరుల ఆధార్ సంఖ్యలను, బ్యాంకు వివరములను, రైతుల దరఖాస్తులను నమ్మకముపై స్వీకరించు సేవాకేంద్రములకు ఇట్టి సాహసము తగదు. వారు రుసుము చెల్లించి విండోస్ 10కి పొడిగింపు సవరణలు పొందుటయో, యంత్రమును మార్చుకొనుటయో కర్తవ్యము. పాఠశాలల ప్రయోగశాలలకో, ఉచితమైన లినక్సు వ్యవస్థ సిద్ధముగా నున్నది; దానిని తెలుగు చేయుటకు హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ చిరకాలముగా శ్రమించినది. పల్నాడు జిల్లా విద్యాధికారులు పాత యంత్రములను తుక్కునకు పంపకముందే వానిపై లినక్సును పరీక్షింపవలెనని కోరుచున్నాము.