ఎలక మరిచిపోయిందా, అలిగిందా?

మొన్న తెనాలి నుంచి అమ్మ ఫోను. "ఒరేయ్, ఎలకలకి జ్ఞాపకశక్తి పెంచే మందు మీ అమెరికాలో కనిపెట్టారట, పేపర్లో వేశారు. మీ నాన్నగారికి రెండు సీసాలు పంపించరా!"

నేను చదివింది కంప్యూటర్ సైన్సు. అయినా ఇలాంటి వార్త చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెబుతాను.

ఎలకకి జ్ఞాపకం ఉందని ఎలా తెలుస్తుంది? 1988లో ఎన్నాసర్, డెలాకూర్ అనే ఇద్దరు ఓ పద్ధతి చెప్పారు. పెట్టెలో ఒకేలాంటి రెండు వస్తువులు పెట్టి ఎలకని వదులుతారు. కాసేపాగి ఒకదాని బదులు కొత్తది పెడతారు. కొత్తదాన్ని ఎక్కువసేపు వాసన చూస్తే పాతది గుర్తున్నట్టు లెక్క. రెంటినీ సమానంగా చూస్తే? "మరిచిపోయింది" అని రాసేస్తారు.

అక్కడే నా పేచీ. కొత్తదంటే బెరుకైతే? అసలు ఆ వస్తువుల మీద ఆసక్తే లేకపోతే? కంప్యూటర్ తెర మీద జవాబు రాకపోతే డేటా పోయిందని మేము గోల పెట్టం. ముందు నెట్‌వర్కు చూస్తాం, పాస్‌వర్డు చూస్తాం. ఎలక విషయంలో ఆ ఓపిక ఏమైపోతుంది?

నీళ్ళతొట్టి పరీక్షా అంతే. 1981లో రిచర్డ్ మోరిస్ పెద్ద ఎలకల కోసం పెట్టిన పరీక్ష అది. నీళ్ళ కింద దాగిన చిన్న గట్టుని ఈదుతూ వెతుక్కోవాలి. చిట్టెలకలు కొన్ని ఈదడం మానేసి ఊరికే తేలుతుంటాయి. దాన్ని మరుపంటామా? 1999లో క్రాబ్, వాల్‌స్టెన్, డ్యూడెక్ అవే జాతుల చిట్టెలకల్ని ఆల్బనీ, ఎడ్మంటన్, పోర్ట్‌లాండ్‌లలో ఒకే పద్ధతిలో పరీక్షిస్తే, కొన్ని ఫలితాలు ఊరికో రకంగా వచ్చాయి!

శ్రద్ధ ఉన్న శాస్త్రజ్ఞులు ఇవన్నీ చూస్తారు. మొదట్లో ఎలక ఎంతసేపు తిరిగింది, కనబడే గట్టుదాకా ఈదగలదా, ఏ ఎలకకి మందిచ్చారో కొలిచేవాడికి తెలియకుండా ఉంచారా అని. నా పోట్లాట వాళ్ళతో కాదు. ఇవేవీ అడగకుండా హెడ్డింగులు పెట్టేవాళ్ళతోనూ, ఆ హెడ్డింగులు చూపించి సీసాలు అమ్ముకునేవాళ్ళతోనూ.

పోయినేడు నాన్నగారు న్యూజెర్సీ వచ్చినప్పుడు ఓ డాక్టరు ఇంగ్లీషులో "ఇవాళ తేదీ ఎంత?" అనడిగాడు. ఆయన పలకలేదు. మతిమరుపని కాగితం మీద పడిపోయింది. ఆ కాగితం చూసినప్పట్నుంచే అమ్మకి బెంగ. ఆరోజు కార్లో కూర్చున్నాక నేను అడిగితే నాన్నగారన్నారు: "తేదీ నాకెందుకురా? ఇవాళ ఏకాదశి." ఇంటికెళ్ళి పంచాంగం చూశాను. ఏకాదశే.

ఆయనకి నిజంగానే మరుపు మొదలైందేమో, కాలేదేమో. ఆ ఒక్క ప్రశ్నతో మాత్రం తేలదు. అమ్మకి సీసాలు పంపలేదు. నాన్నగారిని ఇంకో డాక్టరుకి, ఈసారి తెలుగులో అడిగేవాడికి, చూపించమన్నాను.