మా వంటింటి కిటికీ: ఆయన భోంచేశారా?

పోయిన సంచికలో ఆవకాయ పాళ్ళ గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేశారు. ఈసారి వంటింట్లోంచి బయటికొచ్చి ఒక హోటల్ భోజనం సంగతి చెబుతాను.

వేసవిలో అమ్మ వచ్చినప్పుడు పిల్లల సెలవులు కదా అని న్యూ ఆర్లీన్స్ వెళ్ళాం. ఆదివారం పదకొండింటికి ఒక పెద్ద హోటల్లో ‘జాజ్ బ్రంచ్’కి మావారు టేబుల్ రిజర్వ్ చేశారు.

“బ్రంచ్ అంటే ఏమిటే?” అంది అమ్మ.

బ్రేక్‌ఫాస్టూ లంచీ కలిపితే బ్రంచ్ అన్నాను. 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లీషు రచయిత, శనివారం రాత్రి ఆలస్యంగా పడుకున్నవాళ్ళకి ఇదే హాయి అని ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. కానీ న్యూ ఆర్లీన్స్‌లో ఆ అలవాటు అంతకుముందే ఉంది. తెల్లవారకముందే పనిలోకి దిగే ఫ్రెంచ్ మార్కెట్ మాంసం కొట్లవాళ్ళకి ఎలిజబెత్ బెగే అనే ఆవిడ పదకొండింటికి ‘రెండో ఫలహారం’ వడ్డించేది. 1884లో ఆ ఊళ్ళో మొదలైన ప్రపంచ పత్తి ప్రదర్శనకి వచ్చినవాళ్ళ వల్ల ఆవిడ పేరు ఊళ్ళు దాటింది. ఇక బ్రంచ్‌కి జాజ్ జోడించి పేరు తెచ్చింది 1970లలో కమాండర్స్ ప్యాలెస్ నడిపిన బ్రెన్నన్ కుటుంబం.

“పొలం నుంచి వచ్చి మీ తాతయ్యా ఆ వేళకే తినేవారు. పేరు పెట్టాలని మాకు తోచలేదు” అంది అమ్మ.

హాలు పెళ్ళివారిల్లులా ఉంది. మూలన ట్రంపెట్, బాంజో, పెద్ద బేస్ పట్టుకుని ముగ్గురు వాయిస్తున్నారు. ‘గంబో’ అన్న మాట ఆఫ్రికా భాషల్లో బెండకాయ పేరు నుంచే వచ్చిందంటారని చెప్పగానే అమ్మ ముఖం వెలిగింది. అందులో రొయ్యలు, సాసేజీలు ఉంటాయనగానే ఆరిపోయింది! చివరికి ఆవిడకి మొక్కజొన్న నూకతో చేసే గ్రిట్స్ చెప్పాం. మాంసం నీళ్ళు కలపలేదు కదా అని అడిగితే, వడ్డించే అమ్మాయి లోపలికెళ్ళి కనుక్కుని మరీ వచ్చింది. కాఫీ మాత్రం మనదే, చికోరీ కలిపింది.

పక్క టేబుల్ దగ్గర అరటిపండ్లు వెన్నలో, బెల్లం రంగు పంచదారలో వేయించి, రమ్ము పోసి మంట పెట్టారు. 1951లో ఆ ఊళ్ళోనే పుట్టిన ‘బనానాస్ ఫాస్టర్’ అది. “అరటిపండుకి హారతి ఇస్తున్నారేమిటే!” అంది అమ్మ. మా పిల్లలు నవ్వలేక చచ్చారు.

ఇంతలో ట్రంపెట్ వాయించే పెద్దాయన మా టేబుల్ దగ్గరికొచ్చి, ఏ పాట కావాలని అడిగాడు. మాకు ఏం చెప్పాలో తెలియలేదు. అమ్మ నాతో, “ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగవే” అంది. అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆగి, “మా తాతగారి దగ్గర” అన్నాడు. తరువాత నెమ్మదిగా ఒక పాట ఎత్తుకున్నాడు. అమ్మ చెంచా కింద పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడని చూసి పిల్లలూ ఫోర్కులు దింపారు. తింటూ వినడానికే పెట్టిన కచేరీలో మా టేబుల్ ఒక్కటే తినడం ఆపింది.

ఆ ఊరి సంగీతం వెనుక చాలా కథ ఉంది. బానిసత్వపు రోజుల్లో ఆదివారం పూట ఆఫ్రికావాళ్ళు కలుసుకుని డప్పులు వాయించుకునేవారు. 1817లో నగరం వారు అలాంటి కూటాలను ఒక్కచోటికే పరిమితం చేశారు. కాంగో స్క్వేర్ అని పేరుపడ్డ ఆ మైదానానికి జాజ్ చరిత్రలో పెద్ద స్థానం ఉంది. 1901లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే.

పాట అయ్యాక మావారు డబ్బాలో డబ్బులు వేశారు. అమ్మ మాత్రం, “పొద్దున్నుంచీ నిలబడి వాయిస్తున్నారు. ఆయన భోంచేశారా?” అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వి, “మా బ్రంచ్ మూడింటికమ్మా. అయినా అడిగారు, అది చాలు” అన్నాడు.

ఆ మాట నాకు మరోచోట గుచ్చుకుంది. పోయిన ఉగాదికి మన హాలుకి మూడు గంటలు కారు నడుపుకుంటూ ఒక వయొలిన్ విద్వాంసుడు వచ్చారు. ఆయన రాగం మొదలుపెట్టగానే వెనక వడ్డన మొదలైంది. సగం హాలు పులిహోర లైనులో నిలబడింది. కచేరీ ముగించి ఆయన వచ్చేసరికి గిన్నెలు ఖాళీ. “ఫరవాలేదమ్మా” అని కాఫీ మాత్రం తాగి వెళ్ళారు. ఆ రోజు వడ్డన చూసింది ఎవరో కాదు, నేనే. ఆయన తిన్నారో లేదో అడగాలని కూడా నాకు తోచలేదు.

అందుకే ఈ ఏడు కమిటీవారికి రెండు మనవులు చేశాను, ఒప్పుకున్నారు. కచేరీ అయ్యేదాకా గిన్నెల మూతలు తియ్యం. మూతలు తీశాక మొదటి విస్తరి వేదిక దిగి వచ్చినవారికి. పిల్లలకి ఆకలేస్తే పక్కగదిలో ఇడ్లీలుంటాయి, కంగారు పడకండి.

ఆ వయొలిన్ విద్వాంసుణ్ణి మళ్ళీ పిలిచాం. వస్తానన్నారు. ఆయనకి వడ్డించేది నేనే.

ఉగాది శుభాకాంక్షలతో సెలవు.