రంగు మార్చుకున్న కొండ మొక్క

ఊసరవెల్లి రంగులు మారుస్తుందని అందరికీ తెలుసు. మరి మొక్క? చైనా నైరుతి మూలనున్న హెంగ్‌డువాన్ కొండల్లో ఓ మొక్క ఆ పనే చేసింది. అదీ మనిషి కంటపడకూడదని!

హిమాలయాలకు తూర్పున ఉన్న ఈ కొండలు మొక్కలకు పుట్టిల్లులాంటివి. దాదాపు 12 వేల జాతులు ఇక్కడ పెరుగుతాయి. ఇన్ని ఎలా వచ్చాయంటే... ఆ కొండల తీరే ఒక కారణం. సాల్వీన్, మెకాంగ్, యాంగ్సీ నదులు పక్కపక్కనే లోతైన లోయల్లో పారతాయి. ఈ కొండ మీది విత్తనం ఆ కొండకు చేరడం కష్టం. దాంతో ఒకే జాతి మొక్కలు విడిపోయి, ఎక్కడి చలికీ, నేలకూ తగ్గట్టు అక్కడ మారుతూ వేర్వేరు జాతులయ్యాయి. రుతుపవనాలూ దీనికి తోడయ్యాయి. వానలు పెరిగి కొండలను కోసేకొద్దీ మొక్కలకు కొత్త తావులు ఏర్పడ్డాయి. 18 మొక్కల సమూహాల వంశవృక్షాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2020లో ఓ లెక్క తేల్చారు. చెట్లు పెరగనంత ఎత్తులో ఉన్న ఈ పూలతోట వయసు... 3 కోట్ల ఏళ్లు!

అంత నిదానంగా సాగే మార్పులో మనిషి చెయ్యి పడితే ఏమవుతుంది? అక్కడి రాళ్ల మధ్య పెరిగే ఫ్రిటిల్లారియా డెలవాయిని చూస్తే తెలుస్తుంది. దాని గడ్డను చైనాలో 2 వేల ఏళ్లకు పైగా దగ్గు మందుగా వాడుతున్నారు. ఎండు గడ్డలు కిలో కావాలంటే 3,500కు పైగా మొక్కలు తవ్వాలి. అదేమో అయిదో ఏడు వస్తేగానీ పూయదు.

మామూలుగా ఈ మొక్క ఆకుపచ్చగా ఉంటుంది. జనం ఎక్కువగా తవ్వే చోట మాత్రం బూడిద, గోధుమ రంగుల్లో రాళ్లలో కలిసిపోయి కనిపిస్తుంది. పశువులకు భయపడి అలా మారిందేమో అనుకుంటే, దాన్ని తినే జంతువేదీ శాస్త్రవేత్తలకు కనిపించలేదు. జరిగింది ఒక్కటే. పచ్చగా కనిపించినవాటిని మనిషి పీకేశాడు. కంటపడనివి మిగిలి, విత్తనాలు వేశాయి. వాటి పిల్లలకూ అదే రంగు వచ్చింది.

ఈ మొక్కకు దాక్కునే దారి దొరికింది. అన్ని మొక్కలకూ ఆ అదృష్టం ఉండదు. మనం ఇలాగే తవ్వుకుంటూ పోతే, కొన్ని దాక్కోవు... నిజంగానే కనిపించకుండా పోతాయి.