పరుగూ బరువూ

నడక, పరుగు, ఈత వంటి వాయుసహిత వ్యాయామాలే ఆరోగ్యదాయకాలనీ, బరువులెత్తడం మల్లయోధులకు మాత్రమే తగినదనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. అది సరికాదు. నిదానంగా పరుగెత్తేవారి కండరాలు ప్రాణవాయువు సాయంతో గ్లూకోజునూ, కొవ్వునూ దహించి శక్తిని పొందుతాయి. అందుచేత ఆ శ్రమ చాలాసేపు సాగుతుంది. గుండె, ఊపిరితిత్తులు దృఢపడతాయి. బరువును ఒక్క ఊపున పైకెత్తేవారికి అంత వ్యవధి లేదు. కండరాలలో నిల్వ ఉన్న శక్తి క్షణాలలో వ్యయమైపోతుంది. ఇది అవాయు వ్యాయామం. దీనికి ఊపిరి బిగబట్టడమని అర్థం కాదు. కబడ్డీ కూత వేరు! కండరాలకూ, ఎముకలకూ పుష్టి దీనివల్లనే అధికం.

శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోల బరువెత్తి కాంస్య పతకం సాధించారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమె. అయినా ఆడపిల్లలకు బరువులెందుకు అనేవారు నేటికీ ఉన్నారు. ఎముకలు గట్టిపడేది కౌమారంలోనే కదా! 5 నుండి 17 ఏళ్ల వయసువారు రోజుకు సగటున 60 నిమిషాలు శ్రమించాలనీ, వారానికి కనీసం మూడు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం కూడా చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. బాలబాలికలన్న భేదం చూపలేదు. ఇనుప బరువులు లేని కళాశాలలో దండీలు, బస్కీలు అందుకు చాలు.